మస్టరులో చచ్చిన మనిషి

ధర్మాసనం మీద కూర్చున్న అయ్యల్లారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మెర్సియుస్ ఫెన్‌లోన్ ఈ డొమినికన్ గడ్డ మీద నలభై ఒక్క ఏళ్లు చెరుకు నరికాడు. మీరేమో అలాంటివాళ్లంతా దారిన పోతూ ఆగినవాళ్లని తీర్పు రాశారు. దారిన పోయేవాడికి పుట్టిన బిడ్డ ఈ దేశపు మనిషి కాదన్నారు. అదీ ఇవాళ్టి నుంచి కాదు, ఎనభై ఏళ్లు వెనక్కి పోయి, చచ్చిన తాతల్ని కూడా లేపి పరాయివాళ్లని చేశారు. నలభై ఒక్క ఏళ్లు సాగే ప్రయాణం మీలో ఎవరు చేశారు? మెర్సియుస్ దారి తప్పి రాలేదు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని, హైతీలో లారీ ఎక్కించి, సరిహద్దు దాటించి చెరుకు కంపెనీకి అప్పజెప్పాయి. అప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్లు.

నేను వాళ్ల బాతేయ్‌లోనే, అంటే చెరుకు కూలీలుండే కంపెనీ ఇళ్ల వరసల్లోనే పుట్టాను. కంపెనీకి ఎద్దుల బండి తోలుతాను. కళ్లతో చూసిందే చెబుతాను.

ఫిబ్రవరిలో మెర్సియుస్ కూతురు ఇదాలియాని తీసుకుని పట్నంలో రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాను. జూన్‌లో పన్నెండో తరగతి పరీక్ష. హాల్లోకి రానివ్వాలంటే పుట్టిన సర్టిఫికెట్ మీద కొత్త ముద్ర కావాలి. పరీక్ష పాసైతే నర్సు చదువు. క్యూలో మా ముందు ఒకాయన, వాళ్ల తాత ఇటలీ నుంచి వచ్చి కొట్టు పెట్టాడట. మా తాతకి సమాధిలో కూడా కాగితాల్లేవమ్మా అని జోకేశాడు. గుమస్తా నవ్వుకుంటూ ముద్ర కొట్టింది. తర్వాత ఇదాలియా. గుమస్తా కాగితం చూడలేదు. ముందు మొహం చూసింది, జుట్టు చూసింది, ఆ తర్వాత ఇంటిపేరు చూసింది.

"మీ నాన్న ఎక్కడివాడు?"

"ఇక్కడే, బాతేయ్‌లో."

"అది కాదే అమ్మాయ్. అసలు ఎక్కడివాడు?"

జవాబు కోసం ఆగకుండానే సర్టిఫికెట్ సొరుగులో పడేసింది. విచారణలో ఉందంది. మీ నాన్న దారిన పోయేవాడు కాదని, ఇక్కడే స్థిరంగా పని చేశాడని కంపెనీ చేత రాయించుకురమ్మంది.

"నా కాగితం నాకిచ్చేయండి," అంది ఇదాలియా.

"అది నీదో కాదో తేలాలిగా."

కంపెనీ మేనేజరు రాయనన్నాడు. ఒకడికి రాస్తే అయిదొందల మందికి రాయాలన్నాడు. అది మాత్రం నిజం చెప్పాడు.

ఆ సాయంత్రం కాటా షెడ్డు దగ్గర మీటింగు పెట్టాం. ముసలాళ్లు భయపడ్డారు. కదిలితే సరిహద్దు అవతల పారేసే లారీ వస్తుందన్నారు. ట్రాక్టరు డ్రైవరు విల్మర్ తల్లీ తండ్రీ ఈ దేశం వాళ్లే. నా కాగితాలు బాగానే ఉన్నాయి, మీ గొడవలోకి నన్ను లాగొద్దన్నాడు. చెరుకు నాటే లూర్ద అతని చెయ్యి పట్టుకుని తన చేతి పక్కన పెట్టింది.

"నా కంటే ఒక పిసరు నలుపే ఉన్నావురా తమ్ముడూ. రేపు చెక్‌పోస్టులో బస్సు ఆపినోడు నీ జేబు ముందు చూస్తాడా, నీ మొహం ముందు చూస్తాడా?"

అందరూ నవ్వారు. విల్మర్ నవ్వలేదు. పోయిన నెలలో తనని రెండుసార్లు బస్సులోంచి దింపారని అప్పుడు చెప్పాడు. అయితే ఏం చేద్దామన్నాడు.

చెరుకు నరుకుదాం, ఎత్తొద్దు అంది లూర్ద. నరికిన చెరుకు రెండు రోజులు దాటితే పులుస్తుంది. పులిసింది మిల్లుకి పనికిరాదు. కంపెనీ హాజరు మస్టర్లు తెరిచి ఎవరు ఎప్పటి నుంచి పనిలో ఉన్నారో రాసిచ్చేదాకా ఒక్క గడ కాటాకి పోకూడదు. చేతులన్నీ లేచాయి. మెర్సియుస్ ఒక్కడే చెయ్యెత్తలేదు. మస్టరు జోలికి పోవద్దు అని మెల్లగా అన్నాడు. భయమనుకున్నారంతా. ఎందుకన్నాడో నాకు తెలుసు. నోరు విప్పలేదు. ఆ తప్పు నాది.

మూడో రోజుకి పొలమంతా పులిసిన వాసన. నాలుగో రోజు మేనేజరు దిగొచ్చాడు. ఆఫీసు ముందు మూడొందల మందిమి నిలబడ్డాం. అరుగు మీద బల్ల వేసి పాత మస్టరు తెరిచి, ఏరి కోరి ముందు ఆ పేజీయే చదివించాడు. మెర్సియుస్ ఫెన్‌లోన్, పంతొమ్మిది వందల డెబ్బై మూడులో చేరిక, తొంభై ఒకటి మార్చిలో బండి కింద పడి మృతి.

మేనేజరు ఇదాలియా వైపు తిరిగాడు. "నువ్వు పుట్టింది తొంభై అయిదులో. చచ్చి నాలుగేళ్లయినవాడికి పుట్టావన్నమాట."

వెనకవాళ్లు జారుకోవడం మొదలుపెట్టారు. దొంగ కాగితాల గొడవ అయితే మనకెందుకు అని ఎవరో గొణిగారు. ఇదాలియా తండ్రి మొహం చూస్తూ నిలబడింది. ఆయన తలవంచుకుంటే అయిపోయేది. మెర్సియుస్ టోపీ తీసి బల్ల దగ్గరికి నడిచాడు.

"పని కార్డు నాది. చచ్చినవాడు ఆంతెనోర్, మా ఊరివాడు. నా కాలి మీద కత్తి దిగితే నా వంతు చెరుకు సాలు పోకుండా నా కార్డు మీద వాడు నరికాడు. బండి తిరగబడింది. వాడి జేబులో నా కార్డు చూసి నన్ను చంపేశారు మీరు. మేస్త్రీ ఎవెలియో నాతో ఏమన్నాడు? మస్టర్లో పోయావు, నోరు మూసుకుని పేరులేని చీటీ మీద నరుకు అన్నాడు. ఇరవై మూడేళ్లు నరికాను. ఏటా నవంబర్లో పెద్దల పండక్కి నా పేరున్న సిలువ కింద నేనే కాఫీ పోసొస్తున్నాను. చాలింక. ఆ సిలువ మీద వాడి పేరు రాయండి. ఈ పిల్ల నా కూతురు. నేను బతికున్నాను."

మా దగ్గర అది తప్పు కాదు. ఒకడు మంచాన పడితే పక్కవాడు అతని కార్డు మీద నరికేవాడు. అలా బతికాం. కానీ బయట చెప్పుకోలేదు. ఎవడి సంగతి వాడు దాచుకున్నాడు, ఆ దాపరికం మీదే కంపెనీ మమ్మల్ని విడివిడిగా ఏలింది.

ఇంక ఆగలేకపోయాను. ఆ బండి నాదేనని అరిచి చెప్పాను. ఆంతెనోర్‌ని చెరుకు కింద నుంచి తీసింది నేనేనని, ఆ సంగతి ఎవెలియోకి తెలుసని చెప్పాను. వెనక నుంచి ఒక ముసలాయన, నేను మా అన్న కార్డు మీద రెండేళ్లు నరికాను, రాసుకోండి అన్నాడు. ఇంకొకడు పోయిన మామ కార్డన్నాడు. లూర్ద తన మొగుడి కార్డు మీద నాట్లు వేశానంది. జారుకున్నవాళ్లు తిరిగొచ్చారు. కంపెనీ గుమస్తా మస్టరు మూసేయబోతే విల్మర్ పేజీ మీద అరచెయ్యి ఆనించి, చదవరా, ఇంకా చాలామంది చచ్చిపోయి ఉన్నాం అన్నాడు.

సమాధానంగా మేనేజరు ఫోను చేశాడు. వలస పోలీసుల లారీ వచ్చింది. బతికున్న మనిషివైతే కాగితాలు చూపించమన్నారు. చచ్చినవాడికి కాగితాలెక్కడివి? మెర్సియుస్ రెక్కలు విరిచి పట్టుకున్నారు. విల్మర్ ట్రాక్టరుని రోడ్డుకి అడ్డం పెట్టాడు. మేం దాని ముందు కూర్చున్నాం. కొట్టి లాగారు. ఆయన్ని చెరుకు తోటలో నుంచి నడిపించి అవతలి రోడ్డు మీద ఇంకో లారీ ఎక్కించారు. ఇదాలియా గట్టు వెంట పరిగెత్తింది. మెర్సియుస్ వెనక్కి తిరిగి ఒక్క మాటే అన్నాడు.

"పరీక్ష మానకు."

పొలం బూట్లతోనే, పొద్దు గుంకేలోపు సరిహద్దు వంతెన అవతల దింపేశారు. అరవై ఏళ్ల మనిషి. అక్కడ ఆయనకి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన ఉన్న మస్టర్లన్నీ ఇక్కడే ఉన్నాయి.

చెరుకు ఇంకా పొలంలోనే ఉంది. ఎత్తలేదు, ఎత్తం.

మిల్లు కార్మికులారా, మా నెత్తి మీదుగా వేరేవాళ్ల చేత ఆ చెరుకు ఎత్తించి తెస్తే గానుగకి పెట్టకండి. విద్యార్థుల్లారా, జూన్‌లో హాల్లో ఇదాలియా బల్ల ఖాళీగా కనబడితే మీరూ పెన్ను మూత తీయకండి. కాగితాలున్నవాళ్లూ లేనివాళ్లూ, అందరూ సోమవారం పొద్దున ఎనిమిదింటికి రిజిస్ట్రారు కిటికీ దగ్గరికి రండి. మస్టర్లు జనం ముందు పెట్టాలి. మెర్సియుస్‌ని తీసుకుపోయిన లారీలోనే, పట్టపగలు, బాతేయ్‌లోకి తెచ్చి దింపాలి. ముందు ఇదాలియా కాగితమున్న ఆ సొరుగు తెరవాలి. తెరిచేదాకా క్యూ కదలదు.