ఒక నెల కిందికి

"ఆంటీ, మీరు అంకెలు చదవండి, నేను కంప్యూటర్‌లో సరిచూసుకుంటాను," అంది ఆ అమ్మాయి. నేను బఠాణీలు ఒలుస్తున్నాను. చేతులు తుడుచుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా నన్ను టీ పెట్టమన్నవాళ్ళే గానీ, చదవమన్న మనిషి ఈమే మొదలు.

మా ఆయన ప్రొఫెసర్. ఆమె ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ధరలు పెరిగాయనో, బ్యాంకు వడ్డీ మారిందనో వార్త వస్తే షేర్లలో లాభాలు ఎటు కదులుతాయన్నది ఆమె విషయం. ప్రతిదానికీ 'ఎందుకు సార్?' అంటుందని మా ఆయన ఆమెకి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు. నాకు మాత్రం ఆ పేరు తెగ నచ్చింది. సోఫా ఖాళీగా ఉన్నా ఆ పిల్ల నేల మీదే బాసింపట్టు వేసుకుని, జుట్టులో పెన్సిలు గుచ్చుకుని కూర్చుంటుంది. అంకె నచ్చకపోతే "ఏయ్, నువ్వెక్కణ్ణుంచి వచ్చావ్?" అని దాన్నే నిలదీస్తుంది. పుస్తకంలో ఉందని ఊరుకోదు, సార్ చెప్పారనీ ఊరుకోదు. చూసినకొద్దీ ముచ్చటేస్తుంది నాకు. ఆ వయసులో నేనూ ఇలాగే ఉండేదాన్నా అని ఆలోచించి, లేదులే అనుకుంటాను. నాకు అనుమానాలుండేవి, నోరుండేది కాదు.

ఆమె వాడుతున్న పాత అంకెలన్నీ మా ఆయన పరిశోధనలోవి. ఆయనకి పేరు తెచ్చిపెట్టిన పరిశోధన. పెళ్ళయిన మొదటి ఏడాది పత్రికల్లోంచి ఆ అంకెలు ఏరి రిజిస్టరుకి ఎక్కించింది నేను. నేనూ అదే చదువు చదువుతూ సగంలో ఆపేశాను. "ఇంట్లో ఒక పరిశోధన చాలదూ?" అన్నారు అత్తగారు, నవ్వుతూనే. తర్వాత అచ్చయిన పుస్తకం మొదటి పేజీలో మా ఆయన 'ఓపికతో టీ అందించిన నా శ్రీమతికి' అని రాస్తే, చుట్టాలంతా నా అదృష్టానికి మురిసిపోయారు.

ఆ రిజిస్టరే ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అంచున పెన్సిలుతో నా రాత: 'ఈ నెల ధరల లెక్క ప్రభుత్వం బయటపెట్టేది వచ్చే నెల పన్నెండున.'

"ఇదెవరు రాశారు ఆంటీ?" మెడ చాచి చూసింది ఎందుకమ్మ.

"నేనే, ఎప్పుడో. వదిలెయ్."

ఆమె వదిలితే కదా! "అంటే జనవరి లెక్క ఫిబ్రవరిలో గానీ ఎవరికీ తెలీదు. మనమేమో దాన్ని జనవరి షేర్ల పక్కన పెట్టాం. ఇంకా రాని వార్తకి జనం ముందే ఎలా భయపడ్డారు?"

సరిగ్గా ఇదే మాట ఇరవై రెండేళ్ళ కిందట నేను మా ఆయన్ని అడిగాను. "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, చూసుకో," అన్నారాయన. పరిగెత్తుకెళ్ళి చూశాను. పాలు ఇంకా కాగనే లేదు. మళ్ళీ అడగలేదు నేను.

ఎందుకమ్మ ధరల వరసనంతా ఒక నెల కిందికి జరిపి మళ్ళీ లెక్క కట్టింది. అంతవరకూ ధరలకీ షేర్లకీ మధ్య ఇనప గొలుసులా కనబడిన సంబంధం కాస్తా మాయమైపోయింది. రెండేళ్ళ కష్టం. శుక్రవారం లోపల సార్ సంతకంతో థీసిస్ ఇచ్చేయాలి, లేకపోతే ఏడాది పోతుంది, చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు చీదుకుని, "పోతే పోనీ ఆంటీ. సంబంధం లేదనే రాస్తాను. ఉన్నది అదే కదా," అంది. అబ్బ, ఎంత గుండె! నాకు దగ్గరికి తీసుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

అంతలో మా ఆయన బయటినుంచి వచ్చారు. చెప్పులు విప్పుతూనే విషయం విని, "పాత వరసే ఉంచు. మారిస్తే నేను సంతకం పెట్టను," అన్నారు.

"ఎందుకు సార్?" అడగడం మానలేదు ఆ పిల్ల.

"నా పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి."

"అయితే సార్... అందులోనూ తప్పే."

ఆయన ముఖం కందగడ్డయింది. "ఎవరు చెప్పారు నీకు?"

ఆమె నా వైపు చూడలేదు. "నేనే చూసుకున్నాను సార్," అంది. ఏడాది చదువు ఆయన సంతకంలో చిక్కుకుని ఉంటే, నా మీదికి మాట రాకుండా అడ్డం నిలబడింది ఆ పిల్ల! ఇక నాకు సిగ్గేసింది.

"నేను చెప్పానండీ," అన్నాను. రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. "మీకూ చెప్పాను, పెళ్ళయిన ఏడాదే. మీరు సంతకం పెట్టకపోతే రేపు పొద్దున్న ఈ రిజిస్టరు పట్టుకుని, ఈ అమ్మాయితో కలిసి మీ డిపార్ట్‌మెంటుకి వస్తాను."

ఆయన ఆ పెన్సిలు రాత చదివారు. తర్వాత తలెత్తి, పాత గొంతుతోనే, "పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసుకో," అన్నారు.

పొయ్యి మీద గిన్నె కూడా లేదు.

"మీరు చూసుకోండి," అని, రిజిస్టరు నా ఒళ్ళోకి లాక్కుని తర్వాతి నెల అంకె చదివాను.