అనౌన్సరు గారింటి వరండా

టైలరమ్మ ముందు మనుషుల్ని పిలిచి, ఆ తర్వాత వరండా వైపు చూసింది. అలా చేయకపోతే తనే వెనక్కి తగ్గుతానని ఆమెకు తెలుసు. కూరగాయలకని బయల్దేరి, దారిలో కనిపించిన ఆరుగురికి, మూడు వారాల తర్వాత ఆదివారం సాయంత్రం మా వరండాలో కూర్చుందాం రండి అని చెప్పేసింది. ఇంటికొచ్చి తలుపు తీస్తే, ఆ వరండాలో కాలు పెట్టే చోటు లేదు.

ఒకప్పుడు ఆ వీధి వేసవి సాయంత్రాలన్నీ అక్కడే గడిచేవి. ఆమె భర్త రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ బండి ఎప్పుడొస్తుందో, ఎంత ఆలస్యమో ముప్పై ఏళ్ల పాటు ఊరికి చెప్పిన గొంతు ఆయనది. డ్యూటీ దిగాక కూడా ఆ గొంతుకు విశ్రాంతి ఉండేది కాదు. కుర్చీ వేసుకుని ఆయన కబుర్లు మొదలెడితే, దారిన పోయేవాళ్లు సైతం ఆగి గ్రిల్ పట్టుకుని వినేవారు. టైలరమ్మ లోపలికీ బయటికీ తిరుగుతూ గ్లాసులు అందించేది. మధ్యలో ఓ మాట కలపాలని ఆమెకూ ఉండేది. కానీ ఆయన గొంతు లేస్తే ఇంకొకరి మాటకు సందుండేది కాదు.

మూడేళ్ల కిందట ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. మిగిలింది ఒట్టి గుసగుస. దాన్ని పరాయివాళ్ల చెవిన పడనివ్వనని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపించమనేవాడు. పోనుపోను వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మనుషులు ఖాళీ చేసిన చోటికి సామాను చేరింది. పాత పరుపు, విరిగిన మంచం పట్టెలు, తిరగని కూలరు, రెండు చక్రాలూ గాలిపోయిన సైకిలు, గుడ్డముక్కల మూటలు, వీటన్నిటి మీదా మూడు వేసవుల దుమ్ము.

మొదటి నాలుగు రోజులూ సామాను మోయడానికే సరిపోయింది. పాత సామాన్లవాడి బండి రెండుసార్లు నిండింది. కూలరు వెనక ఎలుక పెట్టిన గూడు ఆమె కంటపడింది. చీపురు తిరగేసి పట్టుకుని దాన్ని వీధిలోకి నెట్టేసింది.

ఆయన లోపలి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఎందుకిదంతా?" అన్నాడు, గాలి తప్ప శబ్దం లేని ఆ గొంతుతో.

"మనుషులొస్తున్నారు."

"నేను బయటికి రాను. ముందే చెబుతున్నా."

"రావద్దు," అంది ఆమె.

ఈ జవాబు ఆయన ఊహించలేదు. బతిమాలుతుందనుకున్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"ఇది మీ కోసం కాదండీ. మూడేళ్లుగా ఈ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప నాకింకేం వినపడట్లేదు. నాకు మనుషులు కావాలి."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే భోంచేశారు.

సంగతి పక్క వీధిలో ఉన్న ఆడపడుచు దాకా పోయింది. ఆమె మర్నాడే వచ్చి, సగం తుప్పు గీకిన గ్రిల్‌ను, సగం కడిగిన గచ్చును చూసి మూతి ముడుచుకుంది. అన్నయ్య అసలే కుమిలిపోతుంటే ఇప్పుడీ సంబరాలేమిటని మొదలెట్టి, చివరికి అసలు మాట అనేసింది.

"మా అన్నయ్యని నలుగురిలో నిలబెట్టాలని చూస్తావేంటి వదినా?"

"నిలబెట్టడం ఎందుకు? కుర్చీలు వేస్తున్నాగా. నువ్వూ వచ్చి కూర్చో," అంది టైలరమ్మ, ఉప్పుకాగితంతో గీకడం ఆపకుండా.

ఆడపడుచు విసవిసా వెళ్లిపోయింది. ఆ మాట పడ్డ చోట మంట లేకపోలేదు. నిజంగా తప్పు చేస్తున్నానా అని టైలరమ్మ వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, గ్రిల్‌లో మిగిలిన సగం గీకింది.

పొద్దున్నే గిరాకీ బట్టలు కుట్టడం, ఎండ వాలాక వరండా పని. గ్రిల్‌కు ముందు ఎర్ర పూత వేసి, అది ఆరాక ఆకుపచ్చ రంగు వేసింది. గచ్చును సబ్బునీళ్లతో మూడుసార్లు రుద్దితే గానీ అడుగునున్న ఎరుపు బయటపడలేదు. వైరు తెగిన నాలుగు కుర్చీలనూ తనే కొత్త వైరుతో అల్లింది. మొదటిది వంకరగా వస్తే మొత్తం విప్పి మళ్లీ మొదలెట్టింది. గ్రిల్ పొడవునా కుండీలు పెట్టింది. గోడ మీద పెచ్చు ఊడిన చోట పూలతీగ పాకించింది.

మిగిలింది నీడ. పడమటి ఎండ నేరుగా ముఖాన కొట్టే వరండా అది. మూటల్లోని మందపాటి ముక్కలన్నీ తీసి నేల మీద పరిచింది. గొడుగు గుడ్డ, సంచుల గుడ్డ, ఎవరిదో పాత టెంటు. ఎనిమిది రంగులు. వాటన్నిటినీ కలిపి, అంచులు మడిచి, రింగులు కొట్టి పెద్ద పందిరి గుడ్డ కుట్టింది. ఎదురింటి వెల్డరు వచ్చి ముందు వైపు పైపు బిగించిపెట్టాడు. గుడ్డ ఎక్కించాక వరండా అంతా రంగురంగుల వెలుగు పడింది. టైలరమ్మకు కడుపు నిండినట్టయింది.

ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. ఒక్క ఊపుకు గుడ్డ నడిమికి చిరిగి, రెండు కుండీలను పడగొట్టి వీధిలో పడింది. ఆమె దాన్ని చుట్టచుట్టి లోపలికి తెచ్చింది. మిషను ముందు కూర్చుని కుట్టు చూసుకుంది. కుట్టు ఎక్కడా పోలేదు, గుడ్డే పోయింది. రవికె బిగించినట్టు బిగించానే, గాలికి కాస్త లూజు వదలొద్దా అని తనను తనే తిట్టుకుంది. చిరిగిన చోట రెండు పొరల పట్టీ వేసి, అక్కడక్కడా గాలి పోయేందుకు చీలికలు పెట్టి, శనివారం సాయంత్రానికి మళ్లీ తయారుచేసింది.

స్టూలెక్కి పై రింగులు తగిలిస్తుంటే స్టూలు ఊగింది. పట్టుకునే దిక్కు లేదు. ఉన్నట్టుండి ఊగడం ఆగిపోయింది. కిందికి చూస్తే ఆయన స్టూలు కాళ్లు పట్టుకుని, వీధి వైపు ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. ఆమె మిగతా రింగులు తగిలించింది. ఆమె దిగగానే ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆదివారం పిలిచిన ఆరుగురిలో నలుగురే వచ్చారు. ఆ రోజు విసవిసా వెళ్లిపోయిన ఆడపడుచు ఐదో మనిషి. అందరూ వరండాను మెచ్చుకున్నారు, నిమ్మరసం తాగారు. ఆ తర్వాత మాటలు అయిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు లోపలి గుమ్మం వైపు చూడటం మొదలెట్టారు. వీళ్లంతా వినడానికి అలవాటుపడ్డవాళ్లని టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. చేతిలోని జగ్గు కింద పెట్టి, తన కోసం ఓ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"స్టేషన్లో మైకు ఆపడం మర్చిపోయిన కథ ఆయన చాలాసార్లు చెప్పారు కదా. అసలేం జరిగిందో నేను చెబుతాను. ఆ రోజు క్యారేజీ పట్టుకెళ్లింది నేనే."

ఆమె మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. మైకు ఆన్‌లో ఉందని తెలియక ఆయన, ఈ స్టేషన్ మాస్టరుకు బండి కన్నా నిద్రంటేనే ప్రేమ అన్నాడు. ఆ మాట అన్ని ప్లాట్‌ఫారాలకూ వినపడింది. ఆయన ఎప్పుడూ చెప్పే కథలో, స్టేషన్ మాస్టరు రాగానే ఆయన చమత్కారంగా ఒక్క మాట అని, ఆ పెద్దమనిషిని నవ్వించి పంపేస్తాడు.

"చమత్కారమూ లేదు ఏమీ లేదు. ఈయన వెళ్లి బీరువా వెనక దాక్కున్నారు. ఆ మాట నేనే అన్నానని స్టేషన్ మాస్టరుకు చెప్పాను. గొంతు మగమనిషిదిలా ఉందే అన్నాడాయన. జలుబు చేసింది సార్ అన్నాను."

వరండా గొల్లుమంది. ఆ నవ్వుల్లో గుమ్మం దగ్గర గుసగుస ఎవరికీ వినపడలేదు. వచ్చిన నలుగురిలో గుమ్మానికి దగ్గరగా కూర్చున్న పోస్టుమాస్టరు మాత్రం అటు చెవి ఒగ్గి విని, అందరికీ చెప్పాడు.

"బీరువా వెనక కాదంట. బల్ల కిందంట."

అందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. అనౌన్సరు గడప మీద నిలబడి ఉన్నాడు. వెనక్కి వెళ్లడానికి కాలు కదిపాడు కూడా. ఆడపడుచు లేచి తన కుర్చీ ఇవ్వబోయింది. కానీ అప్పటికే టైలరమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది.

"బల్ల కిందే అనుకోండి. కథ నేను చెబుతున్నాను కదా, కూర్చుని వినండి."

ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆమె కథ పూర్తి చేసింది. ఎక్కడా తొందరపడలేదు. స్టేషన్ మాస్టరు ఆమె జలుబుకని మిరియాల కషాయం పంపించిన సంగతి దగ్గర ఆయన కూడా భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత పోస్టుమాస్టరు చెవిలో ఏదో చెబితే, పోస్టుమాస్టరు దాన్ని తన గొంతుతో పైకి చెప్పాడు. అలా ఇద్దరూ కలిసి ఓ చిన్న కబురు చెప్పారు. దీపాలు పెట్టే వేళకు అందరూ లేచారు.

గ్లాసులు ట్రేలో సర్దుతూ ఆయన ఆమె దగ్గరగా వచ్చాడు.

"వచ్చే ఆదివారం నేను చెబుతా."

"ఒకటి మీరు చెప్పండి," అంది ఆమె. "నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి."

ఆ మరుసటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. లోపలి కుర్చీలు కూడా బయట వేయాల్సి వచ్చింది.