మ్యూట్‌లో ఉన్న స్పీకరు

ఏన్కూరు దాటి అడవి అంచున ఉన్న తండాలో, రేకుల ఇంటి ముందుగదిలో కూర్చుని తిరుపతి హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాడు. ఆఫీసులో ఎవరైనా అడిగితే మాత్రం మాది ఖమ్మం టౌను అంటాడు. అడగనివాళ్లకి కూడా చెబుతాడు, అదీ మనవాడి సంగతి.

ఆ మధ్య అతని లాప్‌టాప్‌లో లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మారింది, దాంతో సౌండు పోయింది. సౌండుకార్డు చేత పని చేయించే డ్రైవర్ మాడ్యూల్ కొత్త కెర్నెల్‌కి సరిపడలేదు. దాన్ని మళ్లీ బిల్డ్ చేసి ఎక్కించాలి. "గిదెంత పని, సోమవారం మీటింగుల అందరి ముందట చేసి చూపిస్త" అని టీమ్ దగ్గర కోతలు కోశాడు.

సోమవారం రానే వచ్చింది. స్క్రీన్ షేర్ చేసి, బిల్డ్ చేసిన మాడ్యూల్‌ని ఎక్కించాడు. ఎక్కినట్టే చూపించింది. జరిగిందంతా నమోదయ్యే లాగ్ మొత్తం చదివాడు, ఎక్కడా తప్పు లేదు. పాట పెడితే మాత్రం కిక్కురుమనలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, చొక్కా తడిసిపోయింది. కమాండ్లు కొట్టే టెర్మినల్ స్క్రీనంతా పరుచుకుని ఉంది, దాని వెనక చాట్‌లో ఎవరేం రాస్తున్నారో చూసే తీరిక ఎక్కడిది? స్పీకరే పలకనప్పుడు మైకు మాత్రం ఏం పనిచేస్తుందిలే అనుకున్నాడు. అదే కొంప ముంచింది.

మిరప చేను నుంచి అప్పుడే వచ్చిన తల్లి సోమ్లి, జొన్నరొట్టె పళ్లెంతో గుమ్మంలో నిలబడి లంబాడీలో ఏదో అడిగింది. ఆ ఇంట్లో తల్లీకొడుకుల మధ్య ఏనాడూ వేరే భాష లేదు. కోపం వచ్చినప్పుడు మాత్రం తిరుపతికి హాస్టల్లో నేర్చిన తెలుగు తన్నుకొస్తుంది, అమ్మను యాడీ అని పిలిచే పిలుపు తప్ప.

"ఎన్నిసార్లు చెప్పాలె యాడీ నీకు? మీటింగుల ఉన్నప్పుడు ఇటు రాకు. గా లంబాడి మాట అసలే మాట్లాడకు. నేను ఖమ్మం అని చెప్పుకున్న. నీ గొంతు విన్నరంటే తండా వాడినని తెలిసిపోతది. నా ఇజ్జత్ తియ్యకు."

సోమ్లి పళ్లెం కిటికీ మీద పెట్టి వెళ్లిపోయింది.

తిరుపతి విసుగ్గా సౌండు మిక్సర్ తెరిచాడు. స్పీకరు మ్యూట్‌లో ఉంది. కొత్త డ్రైవరు ఎక్కగానే అట్లా మూసుకుని కూర్చుంది, అంతే. ఇంతసేపు తల బద్దలు కొట్టుకున్నది దీనికా అనుకుంటూ ఒక్క మీట నొక్కాడు. గదంతా టీమ్ లీడరు లిఖిత గొంతు నిండింది.

"తిరుపతిగారూ, ఇప్పుడు వినపడుతుందా? మీ మైకు ఎప్పట్నుంచో పనిచేస్తూనే ఉంది. చాట్‌లో చాలాసార్లు పెట్టాం."

తిరుపతి టెర్మినల్‌ని పక్కకు జరిపాడు. తెర మీద అందరి ముఖాలూ ఉన్నాయి. ఒక్కరైనా నవ్వుతారేమోనని చూశాడు. అందరూ తలలు దించుకుని ఉన్నారు. నవ్వినా బాగుండేదనిపించింది.

"మాదీ ఖమ్మం జిల్లానేనండీ, కల్లూరు, మీకు దగ్గరే" అంది లిఖిత నెమ్మదిగా. "అమ్మగారు మిమ్మల్ని ఏదో అడిగారు. ముందు దానికి జవాబు చెప్పి రండి. మేం ఉంటాం."

చెవులు కాలిపోతుండగా లేచాడు. తండా సంగతి బయటపడ్డందుకు కాదు ఆ సిగ్గు. ఎక్కడో కూర్చున్న కల్లూరు అమ్మాయికి వినపడిన తన తల్లి ప్రశ్న, పక్కనే కూర్చున్న తనకు వినపడలేదు.

సోమ్లి వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చుని, లంబాడీలోనే, ఇందాక ఏం అడిగావు యాడీ అన్నాడు.

ఆమె తలెత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి లాప్‌టాప్ వైపు చూసింది. గొంతు తగ్గించుకుంది. ఏన్కూరులో షావుకారుతో మాట్లాడేటప్పటిలా ఒక్కో మాటా ఏరుకుంటూ, కొడుకుతో మొట్టమొదటిసారి తెలుగులో చెప్పింది.

"ఏం లేదు. రొట్టె చల్లగయితది. తిను."