పైనుంచి కనబడిన దుప్పట్లు

"ఆ వెనక పాక పడగొట్టించేస్తున్నా. ఆదివారం మేస్త్రీ వస్తాడు. రెండు కార్లు పడతాయి అక్కడ, అద్దెకిస్తే ఊరికే ఉండదు" అన్నారు భర్తగారు, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. ఆ మాట గుమ్మంలో పడేసి వీధిలోకి వెళ్ళిపోయారు. చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న పెద్దకోడలి చేతులు ఆగలేదు గానీ, ఈనెతోపాటు సగం కాయ చెత్తబుట్టలో పడింది.

పెద్దకోడలంటే ఏ కొత్త పెళ్ళికూతురో అనుకునేరు. అరవై తొమ్మిదేళ్ళు. మామగారు పోయారు, అత్తగారు పోయి పన్నెండేళ్ళయింది, కోడలా అని పిలిచే నోళ్ళు రెండూ మూతబడ్డాయి. పిలుపు మాత్రం సున్నం కొట్టినా పోని మరకలా మిగిలిపోయింది. పాలవాడికీ పెద్దకోడలుగారే, ఎదురింటి ప్లీడరుకీ పెద్దకోడలుగారే.

ఆవిడ బాధ ఆయన పాక అన్న ఆ వెనక గదిది కాదు, గదిలోకి రావలసిన మనిషిది. తోడికోడలు, మరిది భార్య, ఈ ఇంట్లోనే ముప్పై ఏళ్ళు కలిసి బతికిన మనిషి. మరిది పోయాక కూతురింటికి చేరింది. రెండు గదుల ఇల్లు, అయిదుగురు మనుషులు. అల్లుడు టీవీ కట్టేశాక హాల్లో మడతమంచం వేసుకుని, పొద్దున్నే అందరికంటే ముందు లేచి దాన్ని మళ్ళీ తలుపు వెనక్కి నెట్టాలి. "నాకేం లోటక్కా, బాగానే చూస్తున్నారు" అంటుంది ఫోన్లో. గొంతు తగ్గించి మరీ అంటుంది. నెల్లాళ్ళు నాలిక చివర ఆడించి ఆడించి, నిన్న పెద్దకోడలు భర్తను అడిగేసింది: దాన్ని వెనక గదిలో ఉంచుకుందామండీ అని. "పాకలో మనిషిని పెడితే నలుగురూ నవ్వరూ?" అన్నారాయన. ఇవాళ మేస్త్రీ మాట. ఏరు దాటక ముందే తెప్ప తగలేసే రకం మనిషి మరి.

బల్లకు అవతల మనవరాలు కంప్యూటరు ముందేసుకుని కూర్చుంది. ఇళ్ళకు విలువ కట్టే కంపెనీలో ఉద్యోగం, కూర్చున్నచోటే పని. తాతయ్య మాట తనూ విన్నది. నానమ్మ మొహం చూసి కుర్చీ ఇటు లాగింది.

"ఇలా రా నానమ్మా, తమాషా చూపిస్తా. ఇది మన ఊరు, పైనుంచి. ఏ ఇంటి మీద నొక్కితే ఆ ఇంటి జాతకం చెప్తుంది. ఎంత జాగా, ఎంత విలువ, ఏటా ఎంత పన్ను, ఎవరి పేరున ఉంది, అన్నీ."

"అందరివీ? అయితే ఆ ప్లీడరుగారిది నొక్కు."

నొక్కింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చదివారు. "ఓసి నీ... చెప్పుకునేదాంట్లో సగం లేదే!" అని పెద్దకోడలు చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది. పొద్దుట్నుంచీ రాని నవ్వు అప్పుడొచ్చింది.

తరవాత వాళ్ళ ఇల్లు. నొక్కగానే పక్కన ఒక పేరు పడింది. పెద్దకోడలు చదివింది నాలుగో తరగతి, కూడబలుక్కుంటూ చదవాలి. మూడక్షరాలు చదివి, "ఎవరే ఈవిడ? మన ఇంట్లో ఈవిడ పేరేమిటి?" అంది.

"నువ్వే నానమ్మా!"

తనే. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు. అమ్మ పోయాక ఎవరూ అనని పేరు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, ఇల్లు కొన్న రోజు. ఆడవాళ్ళ పేరున రాయిస్తే రుసుము తగ్గుతుందని రిజిస్ట్రారాఫీసులో గుమాస్తా అన్నాడట. స్టోర్ కీపరు ఉద్యోగం చేసిన భర్తగారి చెయ్యి దారప్పోగు కూడా వృథా పోనివ్వదు కదా, సరే అన్నారు. "ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు" అని సంతకాలు పెట్టించుకుని ఓ గ్లాసు నిమ్మరసం ఇప్పించారు. ఎందుకని ఆవిడ అడగలేదు, ఇందుకని ఆయన చెప్పలేదు. తరవాత నలభై ఏళ్ళు "నా ఇల్లు, నా గోడ, నా మేకు" అంటూ ఆయనా మరిచిపోయారు.

"ఇంకోటుంది చూడు" అని కిందకి జరిపింది మనవరాలు. "వెనక కట్టడం: పాక. నివాసానికి కాదు."

అదీ ఆయన పొదుపే. పన్ను లెక్క రాసుకునే మనిషి టేపు పట్టుకుని వచ్చినప్పుడు, "అదా, కట్టెలు పడేసుకునే పాకండీ" అన్నారు. ఆ పాకలోనే కాచిన కాఫీ గ్లాసులు పట్టుకుని పెద్దకోడలు పక్కనే నించుంది. అప్పటికి అదే వంటిల్లు. పదకొండుమందికి రెండు పూటలా అందులోనే ఉడికేది. వచ్చినాయన కాఫీ బాగుందన్నాడు, తాగాడు, పాక అని రాసుకుని పోయాడు.

"ఇది ఇప్పటి ఫోటో. పాతవి కూడా ఉంటాయి, ఏడాదికొకటి" అంటూ మనవరాలు వెనక్కి జరుపుతూ పోయింది. వీధిలో చెట్లు చిన్నవయ్యాయి, ప్లీడరుగారి మేడ ఒక అంతస్తు దిగిపోయింది. ఒక ఏడు దగ్గర వెనక గది కప్పు మీద తెల్లటి గీతలు కనబడ్డాయి. ఇంకో ఏడు వెనక్కి వెళితే మళ్ళీ తెల్లగా. ఆ ముందేడూ అంతే.

"ఏమిటివి నానమ్మా, సున్నమా?"

పెద్దకోడలు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"దుప్పట్లే. మీ జేజమ్మవి."

అత్తగారు మంచాన పడి ఆరేళ్ళు ఉన్నది ఆ గదిలోనే. లోపల వాసనొస్తోందని కొడుకులిద్దరూ మంచం ఎత్తి తెచ్చి అక్కడ దింపారు. రోజుకు మూడు దుప్పట్లు, ఒక్కోరోజు అయిదు. తడిసిన దుప్పటి ఒక్క మనిషికి లొంగదు. ఒక చివర తను, ఒక చివర తోడికోడలు పట్టుకుని ఎదురెదురుగా మెలేసి పిండి, ఆ గది కప్పు మీదే ఆరేసేవాళ్ళు. ఓ దీపావళి లేదు, ఓ పుట్టినరోజు లేదు అనుకుంటే ఏడుపొచ్చేది. అది ఏడవనిస్తే కదా! "అక్కా, గట్టిగా లాగకు, నేనూ వచ్చేస్తా దుప్పటితో పాటు" అనేది. పడీపడీ నవ్వేవాళ్ళు. లోపల్నుంచి ఆ ముసలావిడ, "ఎందుకే నవ్వుతున్నారు, నాకూ చెప్పండి" అని కేకేసేది. చివరిరోజుల్లో ఇద్దరి చేతులూ ఒకచోట చేర్చి పట్టుకుని ఏదో అనబోయింది, మాట పెగల్లేదు. ఆ పట్టు చాలు అనిపించింది పెద్దకోడలికి. ఇన్నేళ్ళ తరవాత, ఆకాశంలో పోయే యంత్రమేదో తమ చాకిరీకి ఇలా ఫోటో తీసి దాచిందంటే, దానికీ దణ్ణం పెట్టాలనిపించింది.

"నానమ్మా, రికార్డు తప్పయితే దిద్దమని ఇక్కడే అర్జీ పెట్టొచ్చు. అక్కడ మనుషులు ఉన్నట్టు రుజువు అడుగుతుంది. ఈ ఫోటోలు చాలు. కానీ యజమాని సంతకం కావాలి" అని ఆగి, కొంటెగా చూసింది. "యజమాని ఎక్కడున్నారో!"

చెప్పుల చప్పుడైంది. భర్తగారు వచ్చి, బల్ల మీది హడావిడి చూసి సంగతి అడిగారు. మనవరాలు చెప్పింది.

"మతుండే చేస్తున్నారా? గది అని రాస్తే పన్ను పెరుగుతుంది. ఎవరు కడతారు?"

"పేరున్నావిడ. వీధివాళ్ళ జాకెట్లు కుట్టే నా మిషను ఇంకా తిరుగుతూనే ఉందిలెండి."

"నలుగురూ నవ్వుతారే, పాకలో..."

"మీ అమ్మగారిని ఆరేళ్ళు పెట్టినప్పుడు నవ్వలేదుగా" అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. చిక్కుడుకాయ ఈనె తీసినంత నెమ్మదిగా అంది.

ఆయన కంప్యూటరు వైపు వంగారు. తెల్లటి గీతలు చాలాసేపు చూశారు. ఏమిటవి అని అడగలేదు. తరవాత కుర్చీలో కూర్చుని, చేతిలోని గొడుగు మడతలు సర్దుకుంటూ, "కిటికీకి రెక్క లేదక్కడ. మేస్త్రీకి అది చెప్తాలే" అన్నారు.

పెద్దకోడలికి ఆయన మీద కోపం రాలేదు. పిసినారికి ఖర్చెక్కువ అంటారు. ఈ పిసినారి మిగిల్చిన ఆ నాలుగు రాళ్ళ వల్లే కదా ఇవాళ తనకో ఇల్లు తేలింది! చేతులు కడుక్కొచ్చి, మనవరాలు తెర మీద చూపించినచోట పసరు మరక పోని వేలితో తన పేరు మూడక్షరాలూ రాసింది. రెండోది కాస్త వంకర పోయింది. దిద్దలేదు.

ఫోను తీసింది.

"ఒసేయ్, బట్టలు సర్దుకో. వెనక గది నీది."

అవతల గొంతు తగ్గింది. "అయ్యో అక్కా, బావగారు ఏమంటారో! ఆయన్ని అడిగావా?"

"ఆయన్నెందుకే? ఇల్లుగలావిడని అడిగాను. రమ్మంది."