పున్నమ్మ మంచం మీది సీసా

తొమ్మిదేండ్ల నుంచి పున్నమ్మ తన మంచం మీద తాను పడుకోలేదంటే నమ్ముతారా? నమ్మాలె. ఆ ఇంట్ల ఏసీ ఉన్నది ఒక్క గదికే, ఆ గదిల మంచం ఒక్కటే, ఆ మంచం మీద పడుకున్నది వైన్ సీసా.

రైతుల టూరని నాసిక్ పోయిన ఆమె మొగుడు వెంకటనారాయణ, ఒక ద్రాక్షతోటల ఆ సీసా కొన్నడు. వెలుతురు తగలొద్దు, వేడి తగలొద్దు, అడ్డంగ పడుకోబెట్టాలె, కదపొద్దు, ఎన్నేండ్లుంటే అంత రుచి అని తోటాయన చెప్పిండట. పెండ్లాం మాట ఒక్కటీ చెవికెక్కని మనిషికి తోటాయన మాట వేదమైంది. మనుషుల ఊపిరికి గది వేడెక్కుతదని ఎవరినీ అందుల పండనియ్యడు. అడవి అంచున ఆ ఊర్ల మే నెలంటే పెనం మీద కూసున్నట్టే. మొగుడూ పెండ్లాలు వరండాల తడిగుడ్డలు కప్పుకుని పండేటోళ్ళు. కరెంటు పోతే జనరేటరు గూడ సీసా కోసమే.

ఆదివారమొస్తే ఎరువుల దుకాణం మురళీకృష్ణ, రిటైరైన లెక్చరర్ చెంచురామయ్య వచ్చేటోళ్ళు. చెప్పులిడిసి, ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి గుసగుసలాడేటోళ్ళు. గట్టిగ మాట్లాడితే లోపల వైన్ బెదురుతదట.

"పోయిన వారం కన్నా రంగు తేరిందన్నా," అనేటోడు మురళీకృష్ణ.

"దుప్పటి కప్పి ఉంటే రంగెట్ల కనిపిచ్చింది నీకు?" అని వెంకటనారాయణ.

"కనిపియ్యాల్నా ఏంది? తెలుస్తది."

చెంచురామయ్య కండ్లు మూసుకుని, "గ్లాసును కింది కాడకు పట్టుకోవాలె. నోట్లె తిప్పాలె. జల్దీ మింగొద్దు," అని పాఠం చెప్పేటోడు. ముగ్గుర్ల ఒక్కడు గూడ వైన్ చుక్క తాగి ఎరగడు.

ఈ మే నెలల పున్నమ్మ తెగించింది. "నలభయ్యో పెండ్లిరోజుకు సీసా తీస్తనన్నవు. ఈ ఆదివారమే. తీస్తవా, నన్ను కారేపల్లి మా తమ్ముని ఇంటికి పొమ్మంటవా?"

"ఇంకొక్క ఏడాదాగితే పదేండ్లయితది గదా," అన్నడు వెంకటనారాయణ.

ఆమె బట్టల సంచి సర్దింది. బస్సు చార్జీ గూడ కొంగున ముడేసుకున్నంక అప్పుడు దిగొచ్చిండు.

ఆదివారం పొద్దున అందరూ కూడిన్రు. అడవి ఊరి నుంచి చింతపండు తెచ్చే సీతయ్య, పున్నమ్మక్క పెండ్లిరోజని ఆనపకాయ బుర్రల జీలుగు చెట్టు కల్లు పట్టుకొచ్చిండు. తీరా చూస్తే సీసా బిరడా రాదు. దాన్ని తీసే మర ఒకటుంటదని తొమ్మిదేండ్లల ఒక్కనికీ తోచలే. పున్నమ్మ పప్పుగుత్తి తెచ్చి, కాడతోని బిరడాను లోపలికే దిగ్గొట్టింది. ముగ్గురూ కండ్లు మూసుకున్నరు.

తాగిన్రు. మురళీకృష్ణ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "మంచిగ తయారైంది," అన్నడు. చెంచురామయ్య నోట్లె తిప్పుడు మొదలుపెట్టిండు గానీ, మింగే ధైర్యం రాక తిప్పుతనే ఉన్నడు.

సీతయ్య ఒక గుక్క పట్టి, గ్లాసు మెల్లగ కింద పెట్టిండు.

"ఇది చచ్చిపోయిందక్కా. ఎప్పుడో చచ్చిపోయింది."



"మేం పొద్దున దించిన కల్లు పొద్దుగూకేదాక గూడ ఉంచం," అన్నడు సీతయ్య. "మీరేమో ఇన్నేండ్లు శవాన్ని ఏసీల పెట్టుకున్నరు."

వెంకటనారాయణ గడప మీద కూలబడి నిజంగనే ఏడ్చిండు. "తొమ్మిదేండ్లు కంటికి రెప్పలెక్క చూసుకున్న," అన్నడు. పున్నమ్మకు జాలేసింది. ఒక్క నిమిషమే.

"నన్ను చూసుకున్నవా?" అన్నది.



అన్నాలు తిని, సీతయ్య తెచ్చిన కల్లు రెండు గుక్కలు తాగి, ఆమె గదిలకు పోయి పడుకున్నది. పరుపు నడుమ సీసా అంత గుంట పడ్డది. చల్లగాలి ఒంటికి తగలంగనే ఆమెకు ఏడుపొచ్చింది. తలుపు సప్పుడు గాకుండ తెరుచుకున్నది.

"నేను గూడ పండనా?" వెంకటనారాయణ గుసగుసగ అడిగిండు, అలవాటు పోక.

"పండు," అన్నది పున్నమ్మ కండ్లు తెరవకుండ. "అడ్డంగ పండు. కదలకు."