కుడి కాలికి నీళ్లొచ్చాయి

మాచర్లలో నాది సౌండ్ సర్వీసు. పెళ్లిళ్లకు మైకులు అద్దెకిస్తాను, మాటలు ఊరికే ఇస్తాను. వెంకటకృష్ణ చేతికి మైకు దొరికితే పెళ్లికొడుకు కూడా తాళి కట్టడానికి నా పర్మిషన్ అడగాలని ఊళ్లో ఒక జోకు. అదీ నేను వేసిందే.

శ్రావణంలో రాజుపాలెంలో ఒక పెళ్లి. అప్పటికింకా సాగర్ కుడి కాలువకు నీళ్లు వదల్లేదు. పందిట్లో ఏ ఇద్దరు రైతులు కలిసినా అదే మాట. భోజనాలకు ముందు నా భార్య రాఘవమ్మ చెప్పులు విడిచి కుర్చీలో కూలబడింది. పాదాలు పూరీల్లా పొంగి ఉన్నాయి. వెండి పట్టీలు కండలోకి దిగిపోయి సగమే కనబడుతున్నాయి. నేను మైకు అందుకున్నాను.

"అయ్యలారా! కుడి కాలువకు నీళ్లు రాలేదని దిగులుపడమాకండి. మా ఆవిడ కుడి కాలికి వచ్చేసినయ్! ఎడమ కాలికీ పారకం ఉంది. నారుమళ్లు తడుపుకునేవాళ్లు వరసలో రండి!"

మూడొందలమంది నవ్వారు. రాఘవమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కుచ్చిళ్లు కిందికి లాక్కుని పాదాలు కప్పుకుంది. కప్పుకోవడం నేను చూశాను. చూసి ఇంకో జోకు వేశాను.

మర్నాడు ఆవిడ కాళ్లకు పట్టీల్లేవు.

"ఏమే, పట్టీలేయి?"

"బిగుతైనయ్. బీరువాలో పెట్టా."

"పట్టీలు పట్టట్లేదంటే నా తిండి ఒంటబట్టినట్టే!"

ఆ రోజు నుంచి చీర నేల ఊడ్చేట్టు కట్టడం మొదలుపెట్టింది. తలకింద ఒక దిండు రెండైంది, రెండు మూడయ్యాయి. "మూడంతస్తులు లేపావు, ఇక లిఫ్టు పెట్టిద్దామా?" అన్నాను. బట్టలు ఆరేయడానికి మేడ మెట్లెక్కుతూ సగంలో కూర్చుంటే, "నడిమెట్టు మీద నడుంవాల్చావేందే?" అన్నాను. ఇంట్లో ప్రతి కష్టానికీ నా దగ్గర ఒక ప్రాస ఉండేది.

కార్తీకం వెళ్లిన వారానికి, పొద్దున తొమ్మిదింటికి, అదే మెట్టు మీద కూర్చున్న మనిషి లేవలేదు. ఊపిరి అందడం లేదు, మాట రావడం లేదు. నా కేకకు పక్కింటి జాన్‌బీ పరుగెత్తుకొచ్చి, ఆవిడ చీర కాస్త పైకి జరిపి చూసింది. మోకాళ్ల దాకా వాపు.

"అన్నా," అంది జాన్‌బీ, "నీ నోరు కాసేపు మూసి కళ్లు తెరువ్."

కారు మాట్లాడుకుని నరసరావుపేట తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టాక రాఘవమ్మకు కాస్త మాట వచ్చింది. గుండె డాక్టరు కీర్తన చిన్నపిల్ల. రాఘవమ్మ ముంగాలి మీద బొటనవేలితో గట్టిగా అదిమి తీసింది. గుంట పడింది. పడిన గుంట అట్లాగే ఉండిపోయింది.

"సూదులు పొడుస్తావా అమ్మా?" అంది రాఘవమ్మ భయంగా.

"ఈ పరీక్షకు సూదుల్లేవు, రక్తం తియ్యను. చర్మం మీద రెండు పట్టీలు అంటిస్తాను, అంతే."

"పట్టీలా? నాయి బీరువాలో ఉన్నయ్యమ్మా."

డాక్టరమ్మ నవ్వింది. ఇరవై ఐదేళ్ల కాపురంలో నా భార్య శ్లేష వేస్తే నేను నవ్వకపోవడం అదే మొదలు.

తెల్లటి పట్టీలు ఛాతీకి ఒకటి ఇటు, ఒకటి అటు అంటించింది. వాటి తీగలు చిన్న డబ్బాకు తగిలించింది. "గుండె బలం తగ్గితే రక్తాన్ని సరిగా తోయలేదు, బాబాయ్ గారూ. నీరు కాళ్లలో చేరుద్ది, ఊపిరితిత్తుల్లో చేరుద్ది. ఈ పట్టీలు చర్మం మీంచి సన్నటి కరెంటు పంపి లోపల నీరెంతుందో చెప్తయ్. పిన్నిగారికి తెలియను కూడా తెలియదు."

డబ్బా మీద అంకె పడింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"ఎకో కూడా తీద్దాం. ఈ వాపు ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులమ్మా," అంది రాఘవమ్మ, నా వైపు చూడకుండా.

"సరిగ్గా చెప్పండి. పది రోజులంటే ఒక కారణం వెతుకుతాం, నెలలంటే ఇంకొకటి. మందులూ మారతయ్."

"పది రోజులే."

ఆవిడ నన్ను కాస్తోంది. ఆ గదిలో మైకు లేదు. నా గొంతు నాకే వినపడలేదు.

"శ్రావణం నుంచి," అన్నాను.

"అంత ఖాయంగా ఎట్టా గుర్తు?"

"వీడియో ఉందమ్మా."

పెళ్లివాళ్లు పంపిన ఆ వీడియో నేను యాభై మందికి పంపి ఉంటాను. ఫోను డాక్టరమ్మ చేతికిచ్చాను. నా గొంతు ఆ చిన్న గదంతా నిండింది. కుడి కాలువ, కుడి కాలు, పారకం, నారుమళ్లు. మూడొందలమంది నవ్వు. డాక్టరమ్మ నవ్వలేదు. బొమ్మను ఆపి, పెద్దది చేసి, పాదాలు చూసింది.

"అప్పటికే రెండు కాళ్లకీ ఉంది. అప్పుడే తీసుకొస్తే ఇంతదాకా వచ్చేది కాదు. ఇంతమంది చూశారు కదా, ఎవరూ ఏమీ అనలేదా?"

"నవ్వాం," అన్నాను.

రాఘవమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఊరుకోయ్యా. ఆయనకేం తెలుసమ్మా, నేనే చూపించలా."

"చూశాను," అన్నాను. "ఆ పట్టీలు నాకు అంటించినా ఏమీ పలకవు డాక్టరమ్మా, నా తోలు మందం." జోకు వేద్దామని అన్నది కాదు. అట్లా వచ్చింది.

ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఎకోలో గుండె బలం సగానికి తగ్గిందని తేలింది. మందులు జీవితాంతం వాడాలి, ఉప్పు తగ్గించాలి. రోజూ పొద్దున బరువు చూసి, ముంగాలి మీద వేలితో అదిమి గుంట ఎంతసేపు ఉంటుందో లెక్కపెట్టమని డాక్టరమ్మ నాకు నేర్పింది. పెరిగితే వెంటనే రమ్మంది.

ఇప్పుడు నా పొద్దు అక్కడే మొదలవుతుంది. ఆవిడ మంచం మీద, నేను కింద. అదుముతాను, తీస్తాను, లెక్కపెడతాను. నిన్న ఇరవై దాటింది. ఇవాళ పన్నెండు.

"ఏందయ్యా మైకు, నోరు పడిపోయిందా? కాలవలో నీళ్లు తగ్గినయ్యా లేదా?" అంది రాఘవమ్మ.

"తగ్గినయ్," అన్నాను.

గట్టిగా నవ్వింది. నేనూ నవ్వబోయాను. అంతలో, నేను వేలు తీసీ తీయగానే, ఆవిడ కుచ్చిళ్లు కిందికి లాక్కుని పాదాలు కప్పుకుంది.