స్నానాల గది నీళ్లు

పని ముగిసే సైరన్ మోగి చాలాసేపైనా స్నానాల గది ముందు వరస కదల్లేదు. బంగారం కరిగించే చోట ఊడ్చే ఆడవాళ్లంతా నడుములు పట్టుకుని నిలబడ్డారు. రోజూ వాళ్ల తలలు దువ్వి సోదా చేసే ఆవిడకు వాళ్లు పెట్టుకున్న పేరు దువ్వెనమ్మ. ఇవాళ ఆవిడ చేతిలో కత్తెర ఉంది.

"కొత్త రూలు పిన్నీ. జుట్టులో బంగారం రజను మిగిలిపోతోందట. మెడ దాకా కత్తిరించమన్నారు," అంది తలెత్తకుండా.

"మెడ దాకానా, మెడతో సహానా? సరిగ్గా విన్నావా?" అంది వరసలో ముందున్న చీపురు పిన్ని.

అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు.

కరిగించే చోట ఊడ్చిన కొండవాళ్ల ఆడవాళ్లు ఈ గదిలోనే తలస్నానం చేసి, బట్టలు పిండి, వేరే చీర కట్టుకుని బయటపడాలి. ఆ మురికినీళ్లు తొట్టిలో చేరతాయి. అడుగున తేరిన మడ్డిలోంచి కంపెనీ బంగారం తీసుకుంటుంది. దుమ్ము ఒంటితో గేటు దాటితే దొంగతనమే. పని పోతుంది, పనితో పాటు ఉండడానికి ఇచ్చిన గదీ పోతుంది. ఆ బంగారం కరిగించే చోటే తిరిగే ఇంజనీర్లు మాత్రం చేతులు దులుపుకుని వెళ్లిపోతారు.

పిన్ని నాయనమ్మ కాలంలో ఇక్కడ వాగు పారేది. దాహమన్నవాళ్లకు వాగు చూపించడం కొండవాళ్ల మర్యాద. కంపెనీవాళ్లు దాహమని వస్తే ఆమె నీళ్లతో పాటు ఇసుకలో మెరుపు కూడా చూపించింది. ఇప్పుడా వాగు కంపెనీ పోసిన రాతిపొడి గుట్ట కింద ఉంది. కంపెనీ రాకముందు ఇక్కడ మనిషే లేడని గేటు దగ్గర పలక మీద రాసి ఉంది.

వెనక నిలబడ్డ కోడలు తన జడ ముందుకు లాక్కుంది. "పోనీ అత్తా. జుట్టేగా, మళ్లీ పెరుగుతుంది. గది పోతే పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాం?"

పిన్నికి ఒళ్లు మండింది. కోడలి మీద కాదు, ఆ మాట నిజమైనందుకు. ఇసుకేగా అని నాయనమ్మ అంది. ఈ స్నానం రూలు వచ్చినప్పుడు నీళ్లేగా అని తన అత్త అంది.

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ? నాదీ కూలి బతుకే," అంది దువ్వెనమ్మ.

"నిన్నేమన్నానే తల్లీ. స్నానానికి వచ్చినవాళ్లకే కదా నీ కత్తెర? నేనివాళ స్నానం చెయ్యను."

దుమ్ము చీరతోనే గేటుకేసి నడిచింది. కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు.

"నీకేమన్నా మతి పోయిందా? ఒళ్లంతా బంగారం దుమ్మే! వెనక్కి పో పిన్నీ, నా ఉద్యోగం కూడా పోగొట్టకు."

"మా వాగు దుమ్మురా అబ్బాయ్. ఇంటికి తీసుకుపోతున్నా."

అడ్డం పెట్టిన కర్ర పక్కకు జరగలేదు. పిన్ని వెనక్కి తగ్గలేదు. వరసలో మిగిలినవాళ్లు కత్తెరకు తలొంచి ఉంటే, స్నానాల గదిలో ఈపాటికి నీళ్లు పడుతున్న చప్పుడు రావాలి. ఆమె చెవి అటే ఉంది. ఇంకా రాలేదు.